నోటుకు మూడేళ్లు నిండకముందే

ప్రశ్న: నేను హన్మకొండలో కుట్టుమిషను మీద బతుకుతున్నాను. తెలిసినాయన కూతురి పెండ్లికని అడిగితే రెండేళ్ల పది నెలల క్రితం 80,000 రూపాయలు నూటికి రూపాయిన్నర వడ్డీకి ఇచ్చి, ప్రామిసరీ నోటు రాయించుకున్నాను. మొదటి ఏడాది వడ్డీ ఫోన్‌పేలో పంపి, తర్వాత మానేశారు. ఇప్పుడు కరీంనగర్‌లో ఉంటున్నారు. పెద్దమనుషులు దసరా దాకా ఆగమంటున్నారు. చిన్న మొత్తాలకు వకీలు అక్కర లేని కోర్టు వేరే ఉంటుందట, నిజమేనా?
– ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: సగం నిజం. హైదరాబాదులో స్మాల్ కాజెస్ కోర్టు ఉన్నమాట వాస్తవమే గానీ, మీ నోటు దావా వేయవలసింది జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో. అప్పు ఇచ్చిందీ, నోటు రాసిందీ హన్మకొండలోనే అయితే, ఆయన ఎక్కడికి మారినా దావా ఇక్కడే వేయవచ్చు. ఎవరి కేసు వారు వాదించుకోవడానికి చట్టం అడ్డు చెప్పదు.

అయితే మీరు అడగని విషయమే ఇక్కడ ముఖ్యం. ‘మీరు కోరినప్పుడు చెల్లించగలవాడను’ అని రాసిన నోటుకు, 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం, అది రాసిన తేదీ నుంచి మూడేళ్లే గడువు. అంటే మీకు మిగిలింది రెండు నెలలు. ఆలస్యాన్ని మన్నించమని వేడుకొనే వీలు అప్పీళ్లకు ఉంది, దావాలకు లేదు. వడ్డీ కట్టినప్పుడల్లా నోటు వెనుక ‘ఇంత చెల్లించాను’ అని రాయించి సంతకం తీసుకుని ఉంటే ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు వచ్చేవి. ఫోన్‌పే పద్దు డబ్బు ముట్టినట్టు చూపుతుంది గానీ, సంతకం లేనిదే దానితో గడువు పెరుగుతుందని ధీమాగా ఉండవద్దు. ఆయన ఇప్పటికైనా కొంత చెల్లించి వెనుక సంతకం చేస్తే మంచిదే. చేయకపోతే దసరా మాట మరచిపొండి. పెద్దమనుషులకు చూపడానికి జిరాక్సు చాలు. అసలు నోటును దావాతో పాటు కోర్టులో దాఖలు చేయాలి కనుక, ఎంత నమ్మకస్తులైనా వారి చేతికి ఇవ్వవద్దు.

లెక్క ఇలా ఉంటుంది: నెలకు 1,200 చొప్పున 22 నెలల వడ్డీ 26,400, అసలుతో కలిపి 1,06,400 రూపాయలు. దావా నడిచే కాలపు వడ్డీ కోర్టు విచక్షణ; డిక్రీ (కోర్టు తీర్పు ఉత్తర్వు) తర్వాత ఇటువంటి చేబదులుపై ఏడాదికి 6 శాతానికి మించదు.

ఖర్చు గురించి దిగులు వద్దు. 1987 నాటి న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టం ప్రకారం మహిళలకు, ఆదాయంతో నిమిత్తం లేకుండా, కోర్టు ఫీజు సహా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. అదాలత్ సెంటర్ దగ్గర (కోర్టు పేరే బస్టాపు పేరై స్థిరపడిన చోటు అది) జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వండి. అక్కడ దావాకు ముందే లోక్ అదాలత్‌కు వెళ్దామని ఎవరైనా సూచించవచ్చు. దానికి ఫీజు లేదు, రాజీ కుదిరితే ఆ అవార్డు (రాజీ ఉత్తర్వు) డిక్రీతో సమానం, అప్పీలు కూడా ఉండదు. కానీ ఎదుటి పక్షం వచ్చి ఒప్పుకుంటేనే అది జరుగుతుంది. రాకపోతే ఆ వాయిదాలలో మీ రెండు నెలలు కరిగిపోతాయి. అందుచేత ముందు దావా వేసి, ఆ తర్వాత లోక్ అదాలత్‌కు పంపమని కోర్టునే అడగడం క్షేమమని నా అభిప్రాయం. అక్కడ రాజీ అయితే కట్టిన కోర్టు ఫీజు కూడా తిరిగి వస్తుంది.

గడువు చివరి రోజు కోర్టుకు సెలవైతే తెరిచిన రోజున వేయవచ్చు గానీ, అంతదాకా తెచ్చుకోకండి. ఆయన పని చేసే చోటు, ఆస్తుల వివరాలు ఇప్పటి నుంచే సేకరించి పెట్టుకోండి. డిక్రీని అమలు కోసం కరీంనగర్ కోర్టుకు బదిలీ చేయించుకున్నప్పుడు, దేనిని జప్తు చేయాలో చూపవలసింది మీరే.