మెదడు కణాల మీద పరిశోధనకు లెక్కలు లేకుండా కుదురుతుందా?

ప్రశ్న: లైఫ్ సైన్సెస్‌తో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మెదడులో పక్క కణాల జోరు తగ్గించే ఇన్‌హిబిటరీ న్యూరాన్లు ఉంటాయని, వాటిలో రకాలున్నాయని, చూసేవాటిలో దేని మీద ధ్యాస పెడతామన్న దాంట్లో ఒక్కో రకానికి ఒక్కో పాత్ర ఉందని చదివాను. అప్పటి నుంచి ఈ రంగంలోకే వెళ్లాలని ఉంది. ఇంట్లో మాత్రం ‘మెదడు మీద అంత ఇష్టముంటే డాక్టర్ కావాల్సింది, ఇప్పుడైనా సైకాలజీ చెయ్యి’ అంటున్నారు. లెక్కలంటే నాకు టెన్షన్, స్కూల్ అయ్యాక వాటి జోలికి పోలేదు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు లెక్కల సంగతి తేల్చుకుందాం. మీకు నచ్చిన ఈ అంశంలో అసలు పేచీ అంతా అక్కడే ఉంది.

కంటి నుంచి వచ్చే సమాచారాన్ని అందుకునే విజువల్ కార్టెక్స్‌లో ఒక న్యూరాన్ ఉందనుకోండి. నిలువు గీత కనిపిస్తే సెకనుకు 20 సార్లు, ఏటవాలు గీత కనిపిస్తే 10 సార్లు సిగ్నల్ పంపుతుంది. దాన్ని అణిచే కణం రెండింటినీ సగం చేస్తే 10, 5 అవుతాయి. జోరు తగ్గింది గానీ నిలువు గీత వైపు మొగ్గు అలాగే ఉంది, రెండింతలే. అలా కాకుండా రెండింటిలోంచీ 8 చొప్పున తీసేస్తే 12, 2 మిగులుతాయి. ఇప్పుడు మొగ్గు ఆరింతలు. ఒకటి భాగహారం, ఇంకొకటి తీసివేత. ‘అణచడం’ అనే పని ఒకటే, ఫలితాలు మాత్రం ఎంత వేరో చూడండి.

2012లో ఈ విషయం మీదే రెండు బృందాలు చెరో మాట చెప్పాయి. పార్వాల్బ్యుమిన్, సొమాటోస్టాటిన్ అనేవి ఈ అణిచే కణాల్లో రెండు రకాలు. వాటిలో పార్వాల్బ్యుమిన్ కణాలు భాగహారం చేస్తాయని, సొమాటోస్టాటిన్ కణాలు తీసివేస్తాయని ఒక బృందం చిట్టెలుకల్లో చూపించింది. పార్వాల్బ్యుమిన్ కణాలను ఉత్తేజపరిస్తేనే న్యూరాన్ మొగ్గు పదునెక్కుతుందని, ఎలుక గీతల తేడాను మెరుగ్గా పట్టుకుంటుందని రెండో బృందం చూపించింది. ఈ ప్రయోగాల్లో కణాలను ముందే కాంతికి స్పందించేలా మారుస్తారు. వాటిని ఉత్తేజపరచడానికి వాడిన కాంతిని ఎంతసేపు, ఎంత బలంగా వేశారన్న దాని మీద తర్వాత పెద్ద వాదనే నడిచింది. ఆ వాదన అర్థం కావాలంటే గ్రాఫులు చదవడం రావాలి. కాబట్టి లెక్కలను తప్పించుకునే దారి చూపించమంటే నా దగ్గర లేదు. అయితే మీకు కావాల్సింది పోటీ పరీక్షల లెక్కలు కావు. స్టాటిస్టిక్స్, లీనియర్ ఆల్జీబ్రా, కొంచెం కాల్క్యులస్, వీటికి తోడు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష. ఏడాది పాటు రోజూ కూర్చుంటే వచ్చేవే.

ఇక సైకాలజీ. ధ్యాస మీద మంచి పరిశోధన అక్కడా జరుగుతుంది. కానీ మనుషుల మీద ఈఈజీతోనో ఎంఆర్ఐ స్కాన్‌తోనో చేసే పనిలో లక్షల కణాల సందడి కలగలిసి వినిపిస్తుంది. అందులో ఏది ఏ రకం కణమో విడదీయలేం. మిమ్మల్ని లాగింది కణాల రకాలే అయితే సైకాలజీ ఒక్కటే మిమ్మల్ని అక్కడికి చేర్చదు. వైద్యం దారి వేరు. డ్రావే సిండ్రోమ్ అనే తీవ్రమైన మూర్ఛవ్యాధికి ఎక్కువగా ఎస్‌సీఎన్1ఏ జన్యువులో లోపమే కారణం. ఆ లోపం ఈ అణిచే కణాలనే నీరసపరుస్తుందని ఎలుకల్లో తేలింది. అలాంటి రోగులకు సాయపడాలన్న కోరిక మీలో ఉంటే డాక్టర్ చదువు సరైనదే. లేకపోతే న్యూరోసైన్స్‌లో పీజీ, ఆపైన పీహెచ్‌డీ మీ దారి.

ఆ దారిలో రోజువారీ పని ఎలా ఉంటుందో చెప్తాను, చాలామంది ఇక్కడే పొరబడతారు. తల కదలకుండా బిగించిన చిట్టెలుక తెర ముందు ఉంటుంది. ఒక బొమ్మ 250 మిల్లీసెకన్లు కనిపిస్తుంది, తర్వాత 500 మిల్లీసెకన్లు తెర బూడిద రంగులో ఉంటుంది, మళ్లీ అదే బొమ్మ. బొమ్మ మారినప్పుడు ఎలుక గొట్టాన్ని నాకితే నీటి చుక్క. ఇంత చిన్న ఆట నేర్పడానికే వారాలు పడుతుంది. ఆ తర్వాత కణాలు చురుకైనప్పుడు వచ్చే మెరుపులను మైక్రోస్కోప్ కింద రికార్డు చేయడం, నెలల తరబడి కంప్యూటర్ ముందు కూర్చోవడం. జంతువుల మీద ప్రయోగం మీ మనసుకు పట్టకపోతే సిగ్గుపడక్కర్లేదు. కంప్యూటర్ మోడళ్ల మీద, ఇతరుల డేటా మీద బతికే న్యూరోసైంటిస్టులు బోలెడుమంది.

మీరు వెంటనే మొదలుపెట్టగల పని ఒకటుంది. నేను చెప్పిన ఆ బొమ్మల ఆట డేటాను సియాటిల్‌లోని అలెన్ ఇన్‌స్టిట్యూట్ ఎవరైనా వాడుకునేలా ఉచితంగా పెట్టింది. సొమాటోస్టాటిన్ కణాలవి, వీఐపీ అనే ఇంకో రకం అణిచే కణాలవి విడివిడిగా రికార్డింగులున్నాయి. వీఐపీ అంటే ప్రముఖులు కాదు లెండి, వాసోయాక్టివ్ ఇంటెస్టైనల్ పెప్టైడ్. ఈ కణాలు ముఖ్యంగా సొమాటోస్టాటిన్ కణాలను అణుస్తాయి, అంటే అణిచేవాళ్లనే అణిచి మిగతావాటికి వెసులుబాటు ఇస్తాయి. ఎలుకకు బాగా అలవాటైన బొమ్మ రావాల్సిన సమయానికి రాకపోతే వీఐపీ కణాల చురుకు పెరుగుతూ పోతుంది. ఆ పెరుగుదల గీతను మీ చేత్తో, మీ ప్రోగ్రామ్‌తో గీయండి. మొదటిసారి రాదు, డేటా దిగుమతి దగ్గరే ఇరుక్కుంటారు, పర్లేదు.

ఇంకో మాట. ధ్యాసకు మీట ఈ వీఐపీ కణాల చేతిలోనే ఉంటుందని చాలాకాలం గట్టిగా అనుకున్నారు. 2024లో ఎలుకల మీద వచ్చిన ఒక అధ్యయనం మాత్రం ధ్యాస తెచ్చే మార్పు, వీఐపీ కణాలు తెచ్చే మార్పు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా నడుస్తున్నాయని చూపింది. పుస్తకంలో బాణాలు గీసిన బొమ్మను బట్టీపట్టి వెళ్తే ఈ రంగంలో నిలవలేరు. ఇప్పుడే అడుగుపెట్టేవాళ్లకు మాత్రం నా లెక్కలో ఇది మంచి సమయం.

మీ ఇంట్లోవాళ్ల భయంలోనూ న్యాయం లేకపోలేదు. పీహెచ్‌డీకి ఐదారేళ్లు పట్టొచ్చు, తర్వాత పోస్ట్‌డాక్ అనే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం, ఆ తర్వాత కూడా అందరికీ ప్రొఫెసర్ ఉద్యోగం రాదు. అందుకే కోడింగ్ విషయంలో అంత పట్టుబడుతున్నాను. సిగ్నల్ డేటాను శుభ్రం చేసి అర్థం చెప్పగలిగినవాళ్లకు వైద్య పరికరాల కంపెనీల్లో, ఫార్మాలో, డేటా ఉద్యోగాల్లో చోటుంటుంది. ఈ మాట మీ నాన్నగారికి ఇలాగే చెప్పండి.

గ్రాఫ్ వచ్చాక ల్యాబ్‌లకు ఇంటర్న్‌షిప్ కోసం మెయిల్ రాయండి. ‘చిన్నప్పటి నుంచి మెదడంటే ఇష్టం’ అన్న వాక్యం వాళ్లకు వచ్చే ప్రతి మెయిల్‌లోనూ ఉంటుంది, మీరు రాయకండి. ఏ డేటా తీసుకున్నారు, ఏం చూద్దామనుకున్నారు, ఎక్కడ చిక్కుకున్నారు అన్నది నాలుగు వాక్యాల్లో రాసి గ్రాఫ్ జతచేయండి. రెండు వారాల్లో జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తుచేయండి, తర్వాత ఇంకో ల్యాబ్ చూసుకోండి.