కాగితం మీద సంతకం పెట్టామని బోటు యజమాని తప్పించుకోవచ్చా?

ప్రశ్న: లాయర్ గారూ, మాది రాజాం. అక్టోబరులో కళింగపట్నం బీచ్‌కి వెళ్లి, మనిషికి 300 చొప్పున ఫోన్‌పే చేసి ఏడుగురం చిన్న బోటు ఎక్కాం. లైఫ్ జాకెట్లు నాలుగే ఉన్నాయి. తిరిగొస్తుంటే వంశధార సముద్రంలో కలిసే చోట కెరటాలు పెద్దవై, ఇంజిన్ ఆగి బోటు తిరగబడింది. వేటకెళ్లిన మత్స్యకారులు లాగబట్టి బతికాం. మా ఆవిడ చెయ్యి విరిగింది. ఎక్కేముందు 'ఏం జరిగినా బాధ్యత మాదే' అని సంతకాలు పెట్టించుకున్నారు. యజమాని 'సముద్రం నా చేతిలో ఉందా' అంటూ 20 వేలు ఇస్తా, రాసిచ్చేయండి అంటున్నాడు. పోలీసులూ రాజీ చేసుకోమన్నారు.

జవాబు: ముందు ఆ 20 వేల కాగితం మీద సంతకం పెట్టకండి. మీ ఆవిడకి ఆపరేషన్ కావాలో, ఫిజియోథెరపీ ఎన్నాళ్లు పడుతుందో తేలకుండా 'ఇక ఏ క్లెయిమూ లేదు' అని రాసిచ్చేస్తే తర్వాత కష్టమవుతుంది.

బోటు ఎక్కేటప్పుడు పెట్టిన సంతకం గురించి టెన్షన్ పడకండి. సముద్రంలో మామూలుగా ఉండే రిస్కు మీకు తెలుసని మాత్రమే దాని అర్థం, ఏడుగురికి నాలుగు జాకెట్లతో తీసుకెళ్లడానికి మీరు ఒప్పుకున్నట్టు కాదు.

'సముద్రం నా చేతిలో ఉందా' అని యజమాని చెప్పే దైవఘటన (మనిషి చేతిలో లేని ప్రమాదం) అనే వాదన ఎవరూ ముందుగా ఊహించలేని దానికే వర్తిస్తుంది. అక్టోబరులో మన తీరం సంగతి తెలియనిదెవరికి? 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చి పలాస, వజ్రపుకొత్తూరు వైపు చేసిన నష్టం ఇప్పటికీ కళ్లముందే ఉంది. అందుకే ఆ రోజు వాతావరణ శాఖ మత్స్యకారులకి వేటకి వెళ్లొద్దని చెప్పిందా, హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ అలల హెచ్చరిక ఇచ్చిందా, కళింగపట్నం పోర్టులో ప్రమాద సూచిక ఎగరేశారా అన్నవి తేదీతో సహా సంపాదించండి. వీటిలో ఒక్కటి దొరికినా, సముద్రం అల్లకల్లోలంగా ఉందన్న ఆయన మాటే మీకు సాక్ష్యమవుతుంది, ఎందుకంటే అలాంటి రోజున బోటు తీయడమే నిర్లక్ష్యం.

డబ్బు తీసుకుని, ప్రాణానికి ముప్పు కలిగేంత అధ్వానంగా ఉన్న లేదా ఎక్కువమందిని ఎక్కించిన పడవలో తీసుకెళ్లడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 284 కింద నేరం, ఆరు నెలల వరకు జైలు. ఎముక విరిగింది కాబట్టి తీవ్ర గాయం కిందకి వస్తుంది, సెక్షన్ 125 కింద మూడేళ్ల దాకా పడొచ్చు. పోలీసులు ఎఫ్‌ఐఆర్ కట్టాల్సిందే. కట్టకపోతే ఎస్పీ గారికి పోస్టులో రాతపూర్వకంగా పంపండి, అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లొచ్చు. ఘటన వేరే చోట జరిగినా ఏ స్టేషన్లోనైనా కట్టించుకునే జీరో ఎఫ్‌ఐఆర్ రాజాం స్టేషన్లోనే కూడా అడగొచ్చు.

పరిహారానికి మాత్రం వినియోగదారుల కమిషనే సరైన దారి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే చోటే కేసు వేయొచ్చు, రాజాం 2022 నుంచి విజయనగరం జిల్లాలో ఉంది కాబట్టి శ్రీకాకుళం తిరగక్కర్లేదు. మీరు కట్టిన మొత్తం ఐదు లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. గడువు రెండేళ్లు. బోటు నడిపిన కుర్రాడి మీద జాలి ఉంటే అర్థం చేసుకోగలను, పరిహారం యజమాని నుంచే అడగండి.

ఒక్క విషయం నిజాయితీగా ఆలోచించుకోండి: బోటువాడు వద్దంటే మీరే బలవంతం చేశారా, జాకెట్ ఇస్తే ఎవరైనా వద్దన్నారా? అలా జరిగి ఉంటే దాచకండి, పరిహారం కొంత తగ్గొచ్చు గానీ కేసు పోదు.

ఫోన్‌పే రసీదు, ఆస్పత్రి బిల్లులు, ఎక్స్‌రేలు, బోటులో తీసిన ఫోటోలు భద్రం చేయండి. మిమ్మల్ని లాగిన మత్స్యకారుల పేర్లు, ఫోన్ నంబర్లు ఈ వారంలోనే వెళ్లి రాసుకోండి. యజమానిదీ వాళ్లదీ ఒకే ఊరైతే ఆలస్యమయ్యే కొద్దీ సాక్ష్యం చెప్పడానికి వెనకాడతారు.