చెస్ట్‌నట్‌లు సంక్రాంతి దాకా నిల్వ ఉంటాయా?

ప్రశ్న: మా అబ్బాయి సిమ్లా వైపు ఉద్యోగం చేస్తున్నాడు. దీపావళికి వస్తూ అక్కడి సంతలో కొన్న 3 కిలోల చెస్ట్‌నట్‌లు తెచ్చాడు. జీడిపప్పు దాచినట్టే వాటిని మూత బిగువుగా ఉన్న స్టీలు డబ్బాలో పోసి అలమరలో పెట్టాను. వారం తిరక్కుండానే డబ్బా లోపల చెమ్మ పట్టి, కొన్ని కాయల మీద తెల్లగా బూజు వచ్చింది. మనవలు సంక్రాంతికి వస్తారు. అప్పటి దాకా వీటిని నిల్వ ఉంచే ఉపాయం ఏమైనా ఉందా? బూజు పట్టినవి తుడిచి వాడుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: చెస్ట్‌నట్‌ను జీడిపప్పు వరసలో చేర్చడం వల్ల వచ్చిన చిక్కు ఇది. జీడిపప్పులో నూనె దాదాపు 45 శాతం ఉంటుంది, తడి 5 శాతానికి అటూ ఇటూగా ఉంటుంది కనుక గాలి తగలకుండా మూత పెడితే నెలల తరబడి చెక్కుచెదరదు. పచ్చి చెస్ట్‌నట్‌లో నూనె మహా అయితే 2–3 శాతం. బరువులో ఇంచుమించు సగం నీరే, మిగిలినదానిలో ఎక్కువ భాగం పిండి పదార్థం. అంటే నిల్వ విషయంలో దీన్ని చిలగడదుంపలా చూసుకోవాలి. పైగా కాయ కోసిన తర్వాత కూడా ఊపిరి పీలుస్తూ తడిని వదులుతూనే ఉంటుంది. ఆ తడి బయటికి పోయే దారి లేక డబ్బా గోడలకు పట్టింది; కార్తీకంలో మన కోనసీమ గాలిలో ఉండే తేమకు అది తోడైతే బూజు రాకుండా ఎలా ఉంటుంది?

నిల్వ సంగతికి ముందు ఒక జాగ్రత్త చెప్పాలి. హిమాచల్ కొండల్లో హార్స్ చెస్ట్‌నట్ అనే వేరే చెట్టు కూడా విరివిగా పెరుగుతుంది. దాని గింజ చూడడానికి ఇలాగే గోధుమరంగులో నిగనిగలాడుతుంది కానీ చేదు, తింటే కడుపులో వికారం, వాంతులు కలుగుతాయి. తినే చెస్ట్‌నట్‌కు ఒక వైపు చదునుగా ఉండి, కొన సూదిగా తేలి, ఆ కొన మీద ఎండిన చిన్న కుచ్చు కనిపిస్తుంది. హార్స్ చెస్ట్‌నట్ కొన లేకుండా గుండ్రంగా ఉండి, అడుగున పెద్ద పాలిపోయిన మచ్చతో ఉంటుంది. సంతలో తినడానికి అమ్మినవి కనుక మీవి మంచివే అయ్యుంటాయి. అయినా పిల్లలకు పెట్టేవి కాబట్టి ఒకసారి చేటలో పోసి చూసుకోండి.

ఇక బూజు విషయం. పెంకు మీద మాత్రమే పలచగా ఉన్న వాటిని తుడిచి, కోసి చూడండి. పప్పు గట్టిగా, మీగడ రంగులో ఉండి ఏ వాసనా లేకపోతే ఆ రోజే ఉడికించి తినేయవచ్చు. వాటిని మాత్రం నిల్వకు పెట్టవద్దు. పప్పు నల్లబడినా, మెత్తబడినా, ముక్క వాసన వచ్చినా నిర్దాక్షిణ్యంగా పారేయండి, ఎందుకంటే కొన్ని బూజులు వదిలే విషం ఉడికించినా పోదు. పెంకుకు సన్నటి గుండ్రటి రంధ్రం ఉందంటే లోపల ఉన్న పురుగు తొలుచుకుని బయటికి వచ్చేసిందని అర్థం. రంధ్రం లేని కాయలను నీళ్ల బకెట్‌లో వేయండి. నిండుగా ఉన్నవి మునుగుతాయి, తేలినవి పురుగు తిన్నవో ఎండిపోయినవో అయి ఉంటాయి. ఎండినది పాడైనదే కానక్కర్లేదు కాబట్టి, తేలినవాటిలో రెండు మూడు కోసి చూశాకే తీర్పు చెప్పండి. మునిగినవాటిని వెంటనే తీసి, పొడిగుడ్డతో తుడిచి, ఫ్యాను కింద పూర్తిగా ఆరనివ్వాలి.

నెల లోపు వాడుకునేటట్లయితే పలచటి గుడ్డసంచిలోనో, చిల్లులు పొడిచిన కవరులోనో వేసి ఫ్రిజ్‌లోని కూరగాయల అరలో పెట్టి, వారానికొకసారి ఏరుకుంటూ ఉంటే సరిపోతుంది. చలిలో పిండిపదార్థం కొంత చక్కెరగా మారుతుంది కనుక రుచి కూడా కొంచెం తీపెక్కుతుంది. మీకు కావలసింది రెండు నెలలకు పైమాట కాబట్టి డీప్ ఫ్రీజర్ తప్ప దారి లేదు. ప్రతి కాయ మీదా కత్తితో ఇంటూ గుర్తులా గంటు పెట్టి, మరిగే నీళ్లలో 10–15 నిమిషాలు ఉంచి, నాలుగైదు చొప్పున బయటికి తీస్తూ వేడి మీదనే పెంకూ, దాని కింద ఉండే వగరు పొరా రెండూ ఒలిచేయాలి. చల్లారితే ఆ పొర పప్పు ముడతల్లోకి అంటుకుపోయి గోళ్లు విరిగినా ఊడి రాదు. ఒలిచిన పప్పును తడి ఆర్చి, పళ్లెంలో ఒకే వరసగా పరిచి గడ్డకట్టించిన తర్వాత గాలి తీసేసిన సంచుల్లో కట్టి పెడితే ఆరు నెలలు నిలుస్తుంది. వాడేటప్పుడు కరగనివ్వకుండా నేరుగా మరిగే నీళ్లలోకో, పాయసంలోకో వేయండి. తుపాను రోజుల్లో కరెంటు పోయి సంచిలోని పప్పు కరిగిపోతే, చల్లదనం ఉండగానే వండేయండి, మళ్లీ గడ్డకట్టించవద్దు.

మనవలకు నిప్పుల మీద కాల్చి పెట్టాలని మీకు ఉంటే, ఒక అరకిలో ఒలవకుండా పెంకుతోనే ఫ్రీజర్‌లో ఉంచవచ్చు. పప్పు కొంత మెత్తబడుతుంది కానీ రుచి చెడదు. కాల్చే ముందు గంటు పెట్టడం మాత్రం మరవకండి, లోపలి ఆవిరికి కాయ టపాకాయలా పేలుతుంది.

ఎండబెట్టవచ్చు కదా అని మీకు తోచవచ్చు. ఇటలీ కొండ ఊళ్లలో మెటాటో అనే చిన్న రాతి గదిలో కింద సన్నటి పొగమంట వేసి, పైన కర్రల అటక మీద పరిచిన కాయలను నెలకు పైగా ఆరనిచ్చి, ఆ తర్వాత పిండి పట్టిస్తారు. మన అటకల మీద కురిడీ కొబ్బరి తయారయ్యే తీరు తెలిసిన మీకు ఆ పద్ధతి కొత్తగా అనిపించదు. కానీ ఈశాన్య రుతుపవనాల వానల్లో డాబా మీద ఎండకు వదిలితే పైపెంకు ఎండి లోపల తడి మిగిలిపోతుంది కాబట్టి నేను సలహా ఇవ్వను.

ప్రశ్న: మా అమ్మ చేసినట్టే వేసవిలో పనస పిక్కలను కుండలో ఇసుక మధ్య దాచాను. కొన్నాళ్లకే చాలావాటికి మొలకలు వచ్చేశాయి. ఎక్కడ పొరపాటు జరిగింది?
– ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: మీ ఇసుకలో తడి ఉంది. పనస పిక్క కూడా నీరూ, పిండీ నిండిన గింజే. ఎండితే చచ్చిపోతుంది, కాస్త తేమ తగిలితే మొలకెత్తుతుంది. వచ్చే వేసవిలో పిక్కల జిగురు పోయేలా బాగా కడిగి, పై తెల్ల పెంకు తీయకుండా రెండు రోజులు నీడన ఆరనిచ్చి, గోదావరి ఇసుకను ముందుగా ఎండలో కాగబెట్టి, చల్లార్చిన తర్వాతే వాడండి. కుండను నేల మీద కాక పీట మీద పెట్టండి. కొన్ని వారాలకు మించి కావాలంటే తెల్ల పెంకు తీసి, ఉడికించి ఫ్రీజర్‌లో పెట్టడమో, చక్రాలుగా తరిగి రోహిణీ కార్తె ఎండలో గలగలలాడేదాకా ఎండబెట్టి డబ్బాలో పోయడమో చేయాలి. అలా ఎండినవి రాత్రి నానబెడితే మర్నాడు పులుసులోకి పనికొస్తాయి.