సంతకం అసలుదేనా సార్?

పోయిన నెల ఇదే పేజీలో నా ఆల్బమ్ గురించి, అంటే పాత సైన్స్ ఫిక్షన్ సినిమాల నటుల సంతకాలు నేనెట్లా పోగేశానో నాలుగు ముక్కలు రాస్తే, ఇన్ని ప్రశ్నలొస్తాయనుకోలేదు. కొన్ని వాట్సాప్‌లో వచ్చాయి, రెండు ఇన్‌లాండ్ కవర్లలో వచ్చాయి, ఒకాయనైతే హనుమకొండ చౌరస్తాలో నేను చాయ్ తాగుతుంటే పక్కన కూర్చుని మరీ అడిగారు. అన్నింటికీ ఇక్కడ చోటు లేదు కాబట్టి ఎక్కువమంది అడిగినవి తీసుకున్నాను.

అన్నా, నేను ఇంజినీరింగ్ థర్డ్ ఇయర్. స్టార్ వార్స్ మొదటి సినిమాల్లో వేసినవాళ్ళ సంతకాలంటే పిచ్చి. ఫారిన్ పోయే స్తోమత లేదు. ఇక్కడి నుంచే తెప్పించుకోవచ్చా?
— ఒక విద్యార్థి, పరకాల

తెప్పించుకోవచ్చు తమ్ముడూ. డబ్బు కొంచెమే, ఓపిక మాత్రం మస్తుగా కావాలి.

ముందు నేను చేసిన తప్పు చెప్తా, అది నువ్వు చేయకు. కాజీపేట రైల్వే క్వార్టర్స్‌లో మా సోపతి ఇంట్లో వీసీఆర్ అద్దెకు తెచ్చి స్టార్ వార్స్ చూశాం. ఆ సినిమా 1977లో వచ్చింది, మా దాకా వచ్చేసరికి క్యాసెట్ అరిగి సగం బొమ్మ గీతలే, అయినా నాకు వారం రోజులు నిద్ర పట్టలేదు. ఒక నటుడికి ఉత్తరం రాసి, జవాబు పంపడానికని నా అడ్రసు రాసిన కవరు కూడా లోపల పెట్టి, ఆ కవరుకు ఏం అంటించానో తెలుసా, మన పోస్టాఫీసులో కొన్న స్టాంపులు. అమెరికాలో డబ్బాలో వేసే కవరుకు మన స్టాంపు చెల్లుతుందా? చెల్లదు. ఆ మాత్రం తట్టక రెండేళ్ళు పోస్ట్‌మ్యాన్ సైకిల్ బెల్లు మోగినప్పుడల్లా గేటు దాకా ఉరికాను.

కాబట్టి అసలు కిటుకు ఆ తిరుగు కవరులోనే ఉంది. అమెరికా నుంచి వేరే దేశానికి పంపడానికి అక్కడ గుండ్రటి స్టాంపు ఒకటి దొరుకుతుంది, గ్లోబల్ ఫరెవర్ అంటారు, 2013 నుంచి ఉంది. ఒక ఔన్సు, అంటే దాదాపు 28 గ్రాముల మామూలు ఉత్తరం ఏ దేశానికైనా దాంతో పోతుంది. పెద్ద ఫొటో పెట్టే వెడల్పు కవరుకైతే ఆ ఒక్కటి చాలదు. ఇంతకంటే తేలిక దారి ఇంకోటి ఉంది. మన వరంగల్ చుట్టుపక్కల అమెరికాలో చుట్టమో, ఎదురింటివాళ్ళ అబ్బాయో లేని వాడ ఉందా? తిరుగు కవరు మీద వాళ్ళ అడ్రసు రాయి, అక్కడి స్టాంపులు వాళ్ళే అంటిస్తారు, వచ్చిన ఫొటో బతుకమ్మకో పెళ్ళికో వచ్చినప్పుడు సూట్‌కేసులో వేసుకొస్తారు. నా ఆల్బమ్‌లో సగం న్యూజెర్సీలో ఉన్న మా మేనల్లుడి పుణ్యమే. అడిగి చేయించుకో, చెప్పకుండా అడ్రసు వాడితే బాగుండదు. స్టార్ వార్స్ చాలా భాగం లండన్ దగ్గర ఎల్‌స్ట్రీ స్టూడియోలో తీశారు, అందుకే చిన్న వేషాలవాళ్ళలో బ్రిటన్ వాళ్ళు ఎక్కువ. వాళ్ళకు రాసేటప్పుడు బ్రిటన్ స్టాంపులు కావాలి, అమెరికావి పనికిరావు.

ఉత్తరం ఒక్క పేజీ దాటనీయకు. వాళ్ళు వేసిన ఏ సీను నీకెందుకు నచ్చిందో రెండు వాక్యాలు నీ మాటల్లోనే రాయి, కాపీ కొట్టినది చదివేవాళ్ళకు ఇట్టే తెలిసిపోతుంది. ఒకేసారి అయిదు ఫొటోలు పంపకు, అమ్ముకోవడానికి అనుకుంటారు. ఒకటి చాలు, ఎక్కువమంది వాడే సైజు 8x10 అంగుళాలు, అది కూడా పోతే ఏడవక్కర్లేని ఫొటో అయ్యుండాలి. కొత్త చొక్కా ప్యాకెట్‌లో అట్ట వస్తుంది చూడు, దాన్ని పారేయకుండా కవరులో పెడితే ఫొటో మడత పడదు. అడ్రసు ఏజెంటుదో, నటుడే అభిమానుల కోసం ఇచ్చినదో వాడు. ఇంటి అడ్రసు ఎక్కడో తవ్వితీసి పంపడం నాకైతే నచ్చదు.

ఇంకో మాట, పెద్ద హీరోలతో మొదలుపెట్టకు. వాళ్ళకు బస్తాల్లో ఉత్తరాలొస్తాయి. ముసుగుల వెనక, రోబోల లోపల ఉండి ముఖం కనపడకుండా నటించిన వాళ్ళున్నారు చూడు, నాకు ప్రేమగా జవాబులు వచ్చింది వాళ్ళ దగ్గర్నుంచే. ఒళ్ళంతా జుట్టున్న చ్యూబకా వేషం వేసిన పీటర్ మేహ్యూ సినిమాల్లోకి రాకముందు లండన్‌లో ఒక ఆసుపత్రిలో అటెండర్, ఏడడుగులు దాటిన మనిషి. చిన్న రోబో ఆర్‌టూ-డీటూ డబ్బా లోపల కూర్చున్నది కెన్నీ బేకర్, ఆయన నాలుగడుగులు కూడా లేడు. ఇద్దరూ ఇప్పుడు లేరు, బేకర్ 2016లో, మేహ్యూ 2019లో పోయారు. అందుకే తమ్ముడూ, రాయాలనుకుంటే ఈ ఆదివారమే రాయి.

మల్లేశం గారూ, మా వారి పుట్టినరోజుకు ఆన్‌లైన్‌లో స్టార్ వార్స్ విలన్ డార్త్ వేడర్ సంతకం చేసిన ఫొటో 4 వేలకు కొన్నాను. సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. మా వారేమో నకిలీ అంటున్నారు. ఎట్లా తెలుసుకోవాలి?
— ఒక పాఠకురాలు, హనుమకొండ

అమ్మా, మొదట మీ వారిని ఒక ప్రశ్న అడగండి: ఆ సంతకం ఎవరిది? డార్త్ వేడర్ అంటే ఒక్క మనిషి కాదు. నల్ల సూటులో నిలబడ్డది డేవిడ్ ప్రౌజ్, గొంతు జేమ్స్ ఎర్ల్ జోన్స్‌ది. ప్రౌజ్ 2020లో, జోన్స్ 2024లో చనిపోయారు. మీ ఫొటో మీద ఏ పేరుందో చదవగలిగితే సగం పని అయినట్టే. ఏ పేరూ చదవడానికి రాకుండా ఒక గీత మాత్రమే ఉంటే నాకు అప్పుడే అనుమానం మొదలవుతుంది, అయితే అంతమాత్రాన నకిలీ అని కొట్టిపారేయలేం, ఎందుకంటే వేల సంతకాలు చేసిన చెయ్యి పోనుపోను గీతగానే మారుతుంది, మన ఆఫీసర్ల సంతకాలు చూడట్లేదా.

ఇప్పుడు ఇంట్లో భూతద్దం ఉంటే తీసుకురండి, లేకపోతే పిల్లల స్కూల్ బాక్సులోదైనా చాలు. ట్యూబ్‌లైట్ కింద ఫొటోను ఏటవాలుగా పట్టి నెమ్మదిగా తిప్పండి. చేత్తో మార్కరుతో చేసిన సంతకమైతే ఇంకు మెరుపు ఒకలా, ఫొటో మెరుపు ఒకలా ఉంటుంది, గీత మీద గీత దాటిన చోట రంగు చిక్కబడుతుంది. సంతకం, బొమ్మ రెండూ ఒకే మెరుపుతో కలిసిపోయి, భూతద్దంలో గీత చిన్న చిన్న చుక్కలుగా విడిపోయి కనిపిస్తే అది ప్రింటు, సంతకం ఫొటోతోపాటే అచ్చయిందన్న మాట. తర్వాత గీత మొదలు, చివర చూడండి. నిజంగా సంతకం చేసేవాడు పెన్ను కాగితానికి తగలకముందే చెయ్యి కదిలిస్తాడు, అందుకే కొసలు సన్నగా జారిపోతాయి. చూసి గీసేవాడు పెన్ను ఆనించి, ఆలోచించి, మెల్లగా లాగుతాడు, అందుకే మొదట్లో చిన్న చుక్క, మధ్యలో వణుకు కనపడతాయి. బ్యాంకులో మా చిన్నాన్న చెక్కుల మీద దొంగ సంతకాలు ఇట్లాగే పట్టేవాడు.

ఇంకో రకం మోసం, మోసం అనడం కూడా కష్టమే, ఆటోపెన్. మిషను పెన్ను పట్టుకుని అసలు సంతకం నమూనాను అట్లాగే గీస్తుంది. 1960ల్లో నాసా వ్యోమగాములు కూడా అభిమానుల ఉత్తరాలు తట్టుకోలేక దాన్ని వాడారు. పట్టుకోవడం తేలికే: ఏ మనిషీ రెండుసార్లు అచ్చం ఒకేలా సంతకం చేయలేడు. నెట్‌లో అదే నటుడి సంతకాలు నాలుగైదు తీసి మీ దాని పక్కన పెట్టండి, ఒకటి మీది మీద పెడితే వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోయిందంటే అది మిషను పని.

సర్టిఫికెట్ అంటారా, చౌరస్తాలో ఏ జిరాక్స్ షాపులో అయినా పదిహేను నిమిషాల్లో బంగారు అంచుతో, హోలోగ్రామ్ స్టిక్కరుతో సహా నేను చేయించి ఇస్తా. ఇచ్చినవాడు ఎవడు, ఆ సంతకం ఎప్పుడు ఎక్కడ చేశారో చెప్పగలడా లేదా, అది చూడాలి కానీ కాగితం కాదు. సంతకాలు పరీక్షించడమే పనిగా పెట్టుకున్న కంపెనీలు అమెరికాలో ఉన్నాయి, కానీ 4 వేల ఫొటోను అక్కడికి పంపి తెప్పించే ఖర్చుకు ఇంకో పుట్టినరోజు చేసేయొచ్చు. స్టార్ వార్స్ హీరో లూక్ స్కైవాకర్‌గా వేసిన మార్క్ హామిల్ అయితే కొన్నేళ్ళ కింద ట్విట్టర్‌లో అభిమానులు ఫొటో పెట్టి అడిగితే ఇది నాదే, ఇది నాది కాదు అని తనే చెప్పేవాడు, నకిలీ అని తేలి గుండె పగిలినవాళ్ళు తక్కువేం కాదు.

ఇంతా చూశాక నకిలీ అనే తేలితే ఏం చేయాలి? అమ్మినవాడికి రాసి డబ్బులు అడగండి, ఆ సైటులో ఫిర్యాదు చేసే గడువు చూసుకోండి. మీ వారికి మాత్రం చెప్పకండి, ఆయనకు ముందే తెలుసు కదా.

ఏ పెన్ను వాడమని చెప్పాలి?
— ఒక పాఠకుడు, మంచిర్యాల

మెరిసే ఫొటోకు పర్మనెంట్ మార్కర్. నల్లటి ఆకాశం, నక్షత్రాలు ఉన్న ఫొటో అయితే వెండి రంగు పెయింట్ పెన్ను. బాల్ పాయింట్ వద్దు, గీత సరిగా పడదు, వెనక్కి గాడి పడుతుంది. సంతకం అయ్యాక నిమిషం ఆగండి, నా మొదటి వెండి సంతకం మీద ఈ రోజుకూ నా బొటనవేలి ముద్ర ఉంది.

సార్, మా నాన్న దాచిన సంతకాల ఫొటోలకు రంగు పోతోంది. లామినేషన్ చేయించమంటారా?
— ఒక పాఠకుడు, కరీంనగర్

వద్దు, వద్దు, వద్దు. మన దగ్గర టెన్త్ మెమో నుంచి భూమి పాస్‌బుక్ దాకా అన్నింటినీ లామినేషన్ చేయిస్తేనే భద్రం అనుకుంటాం. ఆ వేడికి మార్కరు ఇంకు కరగొచ్చు, అంటుకున్న ప్లాస్టిక్ మళ్ళీ ఊడదు, లోపల తేమ చిక్కుకుంటే అక్కడే పసుపు మచ్చ. రంగు పోవడానికి అసలు కారణం ఎండ. కిటికీ ఎదురు గోడకు తగిలించి ఉంటారు, అవునా? అసలుది లోపల బీరువాలో పెట్టి, దాని ఫొటో తీయించి ప్రింటును హాల్లో తగిలించండి, చుట్టాలకు తేడా తెలియదు. బీరువాలో కూడా పీవీసీ కవర్లలో పెట్టకండి, కొన్నేళ్ళకు అవి జిగటగా మారి ఇంకును పీల్చేస్తాయి. పాలీప్రొపిలీన్ కవర్లు అడగండి. ఎవరి సంతకం, ఏ సంవత్సరం వచ్చింది అన్నది ఫొటో వెనక పెన్నుతో రాయకండి, విడి కాగితం మీద రాసి దాంతోపాటే పెట్టండి. కలరా ఉండలు ఫొటోల దగ్గర వేయకండి.

ఇంకో సంగతి మనసులో ఉంది, చెప్పేస్తా. 2020 ఆగస్టు వానలకు వరంగల్ కాలనీలు మునిగినప్పుడు మా ఇంట్లోకి మోకాలు దాకా నీళ్ళొచ్చాయి. ఆల్బమ్ బీరువాలో కింది అరలో ఉంది. బియ్యం బస్తా, గ్యాస్ సిలిండర్ పైకెక్కించే హడావిడిలో ఎవరికీ గుర్తు రాలేదు. తెల్లారి తీస్తే మూడు ఫొటోలు ఒకదానికొకటి అంటుకుని పలకలా తయారయ్యాయి, విడదీయబోతే ఒకరి సంతకం ఇంకొకరి ముఖం మీదికి ఊడొచ్చింది. తడి ఫొటోలను వెంటనే గుంజకూడదనీ, మంచినీళ్ళ పళ్ళెంలో నానబెట్టి మెల్లగా విడిపించాలనీ నాకు తర్వాత తెలిసింది. సంతకం ఇంకు నీళ్ళకు నిలిచే రకమా కాదా అన్నది ముందు ఒక మూల చూసుకోవాలి. ఇప్పుడు ఆల్బమ్ అటక మీద ఉంటుంది.

అన్నీ ఇంగ్లిష్ వాళ్ళేనా? మనవాళ్ళ మాటేమిటి? మా బాబుకు ఆదిత్య 369 అంటే ప్రాణం.
— ఒక తల్లి, జనగామ

మంచి మాట అడిగావు చెల్లే. 1991లో సింగీతం శ్రీనివాసరావు గారు టైమ్ మెషీన్‌ను శ్రీకృష్ణదేవరాయల దగ్గరికి తీసుకుపోతే మేం థియేటర్‌లో ఈలలు ఆపలేదు. ఆ సినిమా విలన్ అమ్రిష్ పురి 1984లో, స్టార్ వార్స్‌లో హాన్ సోలోగా వేసిన హారిసన్ ఫోర్డ్ ఎదుట కూడా విలన్‌గా వేశాడు. అంటే హాన్ సోలోకూ, మన బాలకృష్ణకూ మధ్య ఒక్క మనిషే దూరం. పురి 2005లో పోయాడు, సంతకం నా దగ్గర లేదు, ఆ వెలితి అట్లాగే ఉంది. 1979 నాటి మొదటి స్టార్ ట్రెక్ సినిమాలో గుండు చేయించుకుని నటించిన పర్సిస్ ఖంబాటా మన బొంబాయి అమ్మాయి, 1965 మిస్ ఇండియా. బాబుకు ఈ ముగ్గురి సంగతీ చెప్పు. ఆదిత్య 369లో వేసినవాళ్ళ సంతకం ఎప్పుడైనా అడిగే అవకాశం వస్తే తెలుగులో చేయమని అడగమను, తెలుగులో సంతకం ఉన్న సైన్స్ ఫిక్షన్ ఫొటో ప్రపంచంలో ఎంతమంది దగ్గర ఉంటుంది?

ఈ వయసులో ఈ సంతకాల పిచ్చి ఏమిటయ్యా?
— రిటైర్డ్ టీచర్, హుస్నాబాద్

సార్, మిమ్మల్ని మించినవాళ్ళున్నారు. స్టార్ వార్స్‌లో గురువు వేషం వేసిన అలెక్ గినెస్‌ను ఒక పిల్లాడు ఆటోగ్రాఫ్ అడిగి, ఆ సినిమా వందసార్లకు పైగా చూశానని గొప్పగా చెప్పాడట. ఇంకెప్పుడూ చూడనని మాటిస్తావా అని ఈయన అడిగితే పిల్లాడు బోరున ఏడ్చాడని ఆయనే రాసుకున్నాడు. నేనైతే ఇరవైసార్లే చూశాను.

తాతా, నేను ఏడో తరగతి. ఉత్తరం తెలుగులో రాయొచ్చా? నా పేరు ఫొటో మీద రాస్తారా?
— ఒక చిన్నారి, జగిత్యాల

ఇంగ్లిష్‌లో రాయి బిడ్డా, కింద నీ పేరు మాత్రం తెలుగులో కూడా రాయి, ముచ్చటపడతారు. పేరు రాయమని అడిగితే రాస్తారు, అట్లా రాస్తే అమ్మేటప్పుడు ధర తగ్గుతుందంటారు, మనం అమ్ముతామా ఏమన్నానా. కానీ పేరును ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో, విడివిడిగా, ఒక చిన్న చిట్టీ మీద రాసి ఫొటోకు క్లిప్పు పెట్టు. నేను గొలుసుకట్టు రాతలో మల్లేశం అని రాసి పంపాను. మూడు నెలలకు ఫొటో వచ్చింది. వెండి అక్షరాలతో, ఎంత అందంగా ఉందో, "మలేషియాకు ప్రేమతో" అని.