బ్లేక్ పేజీలో మాటను నమ్మాలా, బొమ్మను నమ్మాలా?

ఇంగ్లీషు కవి, చిత్రకారుడు విలియం బ్లేక్ రాసిన ‘పులి’ కవితలో అంత భయం గొలిపే పులి, అదే పేజీ అడుగున ఉన్న బొమ్మలో సాధుజంతువులా ఎందుకుందనీ, మాటకూ బొమ్మకూ పొత్తు కుదరనప్పుడు దేన్ని నమ్మాలనీ మీరు అడిగారు. ఎం.ఏ. ఇంగ్లీషు చదివే రోజుల్లో మా పాఠ్యపుస్తకంలో కవితలే తప్ప బొమ్మలు లేవు. ఏళ్ల తరువాత బ్లేక్ రచనలను బొమ్మలతో సహా చూపే ‘బ్లేక్ ఆర్కైవ్’ వెబ్‌సైట్‌లో, ఆయనే అచ్చు తీసిన 1794 నాటి ఆ కవితల పేజీలను చూసినప్పుడు, అంతవరకూ నేను చదివింది సగమేనని తెలిసి నిజంగా బాధపడ్డాను.

బ్లేక్ వృత్తిరీత్యా లోహపు రేకులపై బొమ్మలు చెక్కే పనివారు. రాగిరేకు మీద యాసిడ్‌కు కరగని ద్రవంతో అక్షరాలను తిరగేసి రాసి, వాటి చుట్టూ బొమ్మలు గీసి, రేకును యాసిడ్‌లో ఉంచేవారు. ఉబ్బెత్తుగా మిగిలిన గీతలకు సిరా పూసి అచ్చు తీశాక, ఆయనా ఆయన భార్య కేథరిన్ చేతితో రంగులు వేసేవారు. అక్షరమూ గీతా ఇలా ఒకే రేకు మీద పుట్టినప్పుడు, బొమ్మను కవితకు అనుబంధంగా చూడటం పొరపాటని నా అభిప్రాయం.

నాకు ఈ సంగతి బోధపరచింది బ్లేక్ ‘లండన్’ కవిత ఉన్న పేజీ. కవితలో లండన్ వీధుల్లో నడిచేవాడికి ఎదురైన ముఖాల్లో దైన్యం కనిపించినా, ఆ తరువాత అంతా వినికిడే: పొగగొట్టాలు తుడిచే పిల్లవాడి కేక, సైనికుడి నిట్టూర్పు, పడుచు వేశ్య శాపం. పైనున్న బొమ్మలో మాత్రం ఊతకర్రల మీద వంగిన గడ్డపు ముసలివాడిని ఒక చిన్న పిల్లవాడు దారి చూపుతూ తీసుకువెళుతున్నాడు. ఈ ఇద్దరి ప్రస్తావన కవితలో ఎక్కడా లేదు. మాటల్లో ఎవరూ ఎవరికీ తోడుగా లేని ఆ నగరంలో, బొమ్మలో ఒక తోడు కనిపిస్తుంది. ఇంకా విశేషమేమిటంటే, ముఖపత్రంపై 1804 అని ఉన్న ‘జెరూసలేం’ అనే తన తరువాతి కావ్యంలో, గుడ్డిదై, వయసుతో వంగి, ఒక బిడ్డ నడిపించగా వీధుల్లో బిచ్చమెత్తే లండన్‌ను బ్లేక్ మాటల్లో వర్ణించారు. అంటే ఇక్కడ బొమ్మే ముందు వచ్చింది, మాట దాని వెనుక నడిచింది.

అందుచేత నేను ముందుగా అక్షరాలను కాగితంతో కప్పి, బొమ్మలో కనిపించినది మాత్రమే రాసుకుంటాను; తరువాత కవిత చదివి, ఒకదానిలో ఉండి రెండోదానిలో లేనిది ఏమిటో వెతుకుతాను. మీ పులిని ఇలాగే చూడండి. కవిత అంతా ప్రశ్నలే, ఆ భయమంతా అడిగేవాడి గొంతులో ఉంది. కింద జంతువు మాత్రం ఒక మోడుచెట్టు పక్కన నిలబడి ఉంది. పైగా రంగులు చేతితో వేసినవి కనుక ఒక ప్రతిలోని పులి మరో ప్రతిలోని పులిలా ఉండదు. మీరు చూసినది ఏ ప్రతి అయినా, మరో రెండు మూడింటిని పక్కపక్కన పెట్టి దాని ముఖాన్ని గమనించిన తరువాతే అది సాధువో కాదో నిర్ణయించండి.