జాన్ సేల్స్ సినిమాలు: ముందు ఏది చూడాలి?

అమెరికన్ ఇండిపెండెంట్ దర్శకుడు జాన్ సేల్స్ సినిమాల్లో ముందు ఏది చూడాలని అడిగారు. నేనైతే 'మేట్‌వాన్' (1987) చూడమంటాను.

1920లో వెస్ట్ వర్జీనియా బొగ్గు గనుల్లో జరిగిన సమ్మె దాని కథ. మొదట్లోనే ఒక సీన్ ఉంది. పని కోసం రైల్లో వచ్చిన నల్లజాతి కార్మికులకు కంపెనీ మనిషి లెక్క చదివి వినిపిస్తాడు. రైలు ఛార్జీ, పనిముట్లు, అన్నీ జీతంలో కోతే. ఆ జీతమూ డబ్బు కాదు, కంపెనీ స్టోర్‌లో మాత్రమే చెల్లే చీటీలు. పలుగు పట్టకముందే మనిషి అప్పులో కూరుకుపోయాడని ఉపన్యాసం లేకుండానే మనకు అర్థమైపోతుంది. స్థానిక తెల్లవాళ్లు, నల్లజాతివాళ్లు, ఇటలీ నుంచి వచ్చిన కూలీలు ఒకరినొకరు నమ్మడం ఎంత కష్టమో ఓపిగ్గా చూపిస్తారు. సినిమాకు ప్రాణం అదే.

సినిమాలు తీయడానికి డబ్బు సంగతికొస్తే, సేల్స్ 'పిరాన్హా' లాంటి కమర్షియల్ సినిమాలకు స్క్రిప్టులు రాసి, ఆ సంపాదన సొంత సినిమాల్లో పెట్టేవారు. మొదటి సినిమా సుమారు 60 వేల డాలర్లతో తీశారు. తన కథ మీద స్టూడియో పెత్తనం లేకుండా చూసుకున్నారు, నాకు ఆయన మీద గౌరవం అందుకే.

ఆ తర్వాత టెక్సాస్ సరిహద్దు ఊరి కథ 'లోన్ స్టార్' (1996) చూడండి. సబ్‌టైటిల్స్ పెట్టుకుంటే యాసతో ఇబ్బంది ఉండదు.