ఆ కథ చదివిన దగ్గర్నుంచి అక్క నాతో మాట్లాడటం లేదు

ప్రశ్న: నా వయసు 23. ఒక టీవీ డ్రామాలోని ఇద్దరు మగ పాత్రలు ప్రేమించుకున్నట్టు మారుపేరుతో కథలు రాస్తుంటాను. ఈమధ్య ఆ ఇద్దరిలో ఒకరిని చంపేశారు. సొంత మనిషి పోయినంతగా ఏడ్చి, వాళ్లిద్దరూ బతికున్నట్టు ఒక కథ రాశాను. ఆ డ్రామా అభిమానులే 'పాత్రలను పాడుచేస్తున్నావు' అని తిడుతున్నారు. నాతో పాటు ఆ డ్రామా చూసే అక్క అది చదివి, 'సిగ్గు లేదా? నువ్వూ అలాంటిదానివేనా?' అని అడిగింది. నేను ఏమీ చెప్పలేదు. అప్పటినుంచి మాటల్లేవు. రాయడం మానేయనా?

సమాధానం: మానేయవద్దు. అమెరికన్ టీవీ సీరియల్ స్టార్ ట్రెక్‌లోని ఇద్దరు మగ పాత్రలు కిర్క్, స్పాక్‌లను ప్రేమికులుగా ఊహించిన కథ 1974లోనే అభిమానుల పత్రికలో అచ్చయింది. ఇలాంటి కథలకు పెద్ద నెలవైన 'ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్' వెబ్‌సైటుకు 2019లో, సైన్స్ ఫిక్షన్ సాహిత్యానికి ఇచ్చే హ్యూగో పురస్కారం దక్కింది. మీరు కొత్తగా చేసిన తప్పేమీ లేదు.

తిట్టేవారందరినీ ఒకే గాట కట్టకండి. ఆ ఇద్దరి స్నేహాన్ని స్నేహంగానే ప్రేమించేవారు కొందరుంటారు. జంట పేరూ, కథలోని విషయాలూ ముందే ట్యాగుల్లో పెడితే వారు చదవకుండా తప్పుకుంటారు. అది మీ బాధ్యత. ట్యాగు చూసి కూడా లోపలికి వచ్చి తిట్టేవారి సంగతి వేరు. ఆ పాత్రలు ఒక ఆడా, ఒక మగా అయివుంటే ఇదే ఊహను వారు 'పాడుచేయడం' అనేవారా? అనరని మీకూ తెలుసు. అటువంటివారితో వాదానికి దిగకుండా బ్లాక్ చేయండి.

మీ ఏడుపునూ తక్కువ చేసి చూడకండి. 2016లో 'ది 100' అనే అమెరికన్ టీవీ డ్రామాలో లెక్సా అనే స్త్రీ పాత్ర తన ప్రేయసితో ఒకటైన కాసేపటికే తూటా తగిలి చనిపోయినప్పుడు, స్వలింగ ప్రేమికుల పాత్రలను టీవీ ఎంత తేలిగ్గా చంపేస్తుందో అభిమానులు గట్టిగా నిలదీశారు. ఆ కోపంతోనే ఎల్‌జీబీటీ (స్వలింగ ప్రేమికులు, ట్రాన్స్‌జెండర్లు తదితరులు) యువత ఆత్మహత్యల నివారణకు పనిచేసే ట్రెవర్ ప్రాజెక్ట్ సంస్థకు విరాళాలు పోగుచేశారు. కోపం అలా పనికి రావాలి గానీ, నటీనటులకు బెదిరింపు సందేశాలుగా మారకూడదు.

ఇక అసలు బాధ అక్క. ఆమె రెండో ప్రశ్నకు మీరు జవాబు బాకీ లేరు. ఇలాంటి కథలు రాసేవారిలో స్వలింగ ప్రేమికులూ ఉన్నారు, కానివారూ ఉన్నారు. కథను బట్టి రచయిత మనసును తేల్చే హక్కు ఎవరికీ లేదు. ఒకవేళ మీలో ఆ ప్రశ్నకు జవాబు ఉంటే, అది మీకు భయం లేని రోజున, మీ అంతట మీరు చెప్పవలసిన మాట. అంతవరకు 'కాదు, కాదు' అని అబద్ధమాడి తప్పించుకోవద్దని మాత్రం నా మనవి, ఎందుకంటే ఆ ప్రేమ సిగ్గుపడవలసినదేనని మీ నోటితో మీరే ఒప్పుకున్నట్టవుతుంది.

ఆమె ఒంటరిగా ఉన్నప్పుడు మొదటి మాట మీరే కలపండి. 'అక్కా, కథ నచ్చలేదంటే వింటాను. సిగ్గు లేదా అన్నావే, ఆ మాటకు బాధపడ్డాను. ఇంట్లో ఎవరికైనా చెప్పే ముందు నన్ను అడుగు' అనండి. ఆ పాత్ర చనిపోయిన భాగం చూసి ఆమెకేమనిపించిందో కూడా అడగండి. అంతకాలం మీ పక్కన కూర్చుని చూసిన మనిషికి ఏమీ అనిపించకుండా ఉండదు. ఆమె మళ్లీ కోప్పడితే ఆ రోజుకు అక్కడితో ఆపి, కొన్నాళ్లాగి మళ్లీ ప్రయత్నించండి. ఆమెను మెప్పించడానికని కథను మాత్రం తుడిచేయకండి.